పెరట్లో కోళ్ళు పెంచాలనుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

మాది చంద్రగిరి పక్కన పల్లె, ఇంటి వెనకాల దొడ్డిలో ఎప్పుడూ ఒక ముప్పై నలభై కోళ్ళు తిరుగుతా ఉంటాయి. తిరుపతిలో కాపురాలున్న మా చుట్టాలు, చిత్తూరులో మా ఆవిడ తరపువాళ్ళు, టీ అంగట్లో కలిసేవాళ్ళు అందరూ అవే ప్రశ్నలు అడుగుతా ఉంటే చెప్పి చెప్పి నోరు నొప్పెత్తి ఇట్ల రాసి పెట్టినా. నేనేమీ పశువుల డాక్టరు కాదు, పోగొట్టుకుని నేర్చుకున్నోడిని అంతే.

అన్నా, ముందు పిల్లల్ని తెచ్చేసి తర్వాత గూడు కట్టుకోవచ్చా?

వద్దు. అందరూ చేసే తప్పే అది, నేనూ చేసినా. ఇరవై పిల్లల్ని తెచ్చి గంప కింద మూసిపెట్టి "ఆదివారం గూడు కడతాలే" అనుకుంటే శుక్రవారం రాత్రికే పిల్లి వచ్చి ఆరింటిని ఎత్తకపోయింది. కోడి పగలంతా తన తిప్పలు తానే పడుతుంది, గద్ద వస్తే చెట్టు కిందికి దూరుతుంది, ఆకలైతే గీరుకుని తింటుంది. చీకటి పడితే మాత్రం దానికి కళ్ళు కనపడవు, యాడ పెడితే అక్కడే ఉంటుంది. ముంగిస, పిల్లి, పాము, నల్లి అన్నీ ఆ పూటే వస్తాయి. అందుకే డబ్బులు ముందు గూటికే పెట్టండి.

రాత్రి పడుకునేదానికే అయితే పెద్ద కోడికి రెండు చదరపడుగులు చాలు. నేల నుంచి అడుగున్నర పైకి లేపాల, గాలి ఆడాల, వాన జల్లు పడకూడదు. జాలీ సన్న కన్నాలది తీసుకోండి, పెద్ద కన్నాల జాలీలో ముంగిస తల దూరుతుంది. ఇంకొక మాట, పాత చెక్కలతో గూడు కట్టకండి. ఎందుకో కింద నల్లి సంగతి దగ్గర చెప్తా.

ఏ రకం మంచిది? నాటుదా, వనరాజా, గ్రామప్రియా?

మీకు ఏం కావాలో దాన్ని బట్టి. అసలైన నాటుకోడి ఏడాదికి 60, 70 గుడ్లు పెడితే గొప్ప, కానీ తనే పొదుగుతుంది, పిల్లల్ని తనే సాకుతుంది, గద్దను చూస్తే అరిచి అందర్నీ దాస్తుంది. పండక్కి రాగి సంకట్లోకి పులుసు కావాలంటే ఇదే, దీనికి సాటి లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ వాళ్ళు పెరటి కోసమే తయారు చేసినవి వనరాజ, గ్రామప్రియ. వనరాజ మాంసానికీ గుడ్లకీ రెండిటికీ, ఏడాదికి 100 పైన పెడుతుంది, ఒళ్ళు బరువు కాబట్టి కుక్క తరిమితే పరిగెత్తలేదు. గ్రామప్రియ గుడ్లకి, బాగా చూసుకుంటే 160 దాకా వస్తాయి. ఈ రెండూ సరిగ్గా పొదగవు, కాబట్టి నాటు పెట్టలు రెండు పెట్టుకుని ఈ గుడ్లు వాటి కింద పెట్టుకోవాల. కాకపోతే వీటి గుడ్లను పొదిగేస్తే వచ్చే పిల్లల్లో తల్లికున్న గుడ్ల గుణం, ఎదుగుదల గుణం తగ్గిపోతా వస్తుంది, అది తెలుసుకుని చెయ్యండి. కడక్‌నాథ్ అనే నల్లకోడి అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే, కొనేవాడు ముందే మాట ఇచ్చుంటే పెంచండి, ఊరికే నల్లగా ఉంటాదని మాత్రం వద్దు.

సైకిల్ మీద రంగురంగుల పిల్లలు అమ్మతారు కదా, అవి కొనొచ్చా?

పిల్లోళ్ళు ఏడిస్తే మా అన్న కూతురికి నేనే పది కొనిచ్చినా, వారంలో రెండు మిగిలినాయి. గుడ్ల ఫారాలకు పుంజు పిల్లలతో పని లేదు, అట్ల తీసేసిన మగపిల్లలకే ఎక్కువగా పింకూ పచ్చా రంగులద్ది అమ్మతారు. టీకా ఉండదు, ఎండలో తిరిగి తిరిగి నీళ్ళు లేక సగం చచ్చుంటాయి. గుడ్లు పెట్టేది అసలే లేదు. పోనీలే అని తెచ్చినా ఇంట్లో ఉన్న మంచి కోళ్ళలో మాత్రం కలపొద్దు.

మరి యాడ కొనాల? చూసి ఎట్ల తెలుసుకోవాల?

నమ్మకమైన హేచరీలోనో, లేకుంటే నాలుగు వారాలు సాకి అమ్మేవాళ్ళ దగ్గరో. మొదటిసారి పెంచేవాళ్ళకి నాలుగు వారాల పిల్లలే మేలు, రేటు రోంత జాస్తి అయినా బల్బు, రాత్రి కాపలా, మొదటి టీకాలు అన్నీ వాళ్ళు చూసుకోనుంటారు. ఒకరోజు పిల్లలైతే మారెక్స్ అనే వైరస్ జబ్బుకి టీకా వేసినారా అని అడగండి, అది హేచరీలో మొదటి రోజే వెయ్యాల, ఇంటికొచ్చినాక కుదరదు. చేతిలో పెట్టుకుంటే గింజుకోవాల, బొడ్డు ఆరిపోయి ఉండాల, వెనకాల రెట్ట అంటుకుని ఉండకూడదు. సంతలో పెద్ద కోడి కొంటే పదిహేను రోజులైనా వేరేగా గంప కింద పెట్టి, కంటికి నదురుగా ఉంటేనే మీ మందలో వదలండి. కొక్కెర తెగులు (రాణీఖేత్ జబ్బు) ఊర్లోకి వచ్చేది చాలావరకు సంత నుంచే.

తెచ్చిన రోజు ఏం చెయ్యాల?

ముందు నీళ్ళు, తర్వాతే మేత. కాచి చల్లార్చిన నీళ్ళలో రోంత గ్లూకోజు కలిపి ఒక్కో పిల్ల ముక్కు ఒకసారి ముంచి వదిలితే దానికి నీళ్ళు యాడున్నాయో తెలిసిపోతుంది. గంట రెండు గంటలయినాక పేపరు పరిచి సన్న మొక్కజొన్న నూక చల్లండి. పేపరు ఒక రోజుకే, జారే పేపరు మీద నడిస్తే కాళ్ళు చీలబడతాయి. కింద రెండంగుళాల మందం వరిపొట్టు పొయ్యాల. అట్టతోనో రేకుతోనో గుండ్రంగా దడి కట్టండి, మూలలుంటే చలికి అందులోకి తోసుకుని ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి.

బల్బు ఎంతది పెట్టాల, ఎన్ని రోజులు?

మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉండాల, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించుకుంటా పోవాల. లెక్కకి పిల్లకి రెండు వాట్లు అంటారు, 30 పిల్లలకి ఒక 60 వాట్ల పాత రకం బల్బు. ఎల్‌ఈడీ పెట్టి "వెలుతురు బాగా వస్తా ఉందన్నా, అయినా చచ్చిపోతా ఉండాయి" అని ఫోన్ చేసినోళ్ళు ఉండారు, దాంట్లో వేడి యాడ వస్తాది. నిజానికి థర్మామీటరు కంటే పిల్లల్నే చూడండి. అన్నీ బల్బు కిందకి కుప్ప పడితే చలి, దూరంగా పోయి నోళ్ళు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. మన తిరుపతి మే నెలలో పగలు బల్బే అక్కర్లేదు, రాత్రి మాత్రం చూసుకోండి.

మేత ఏం పెట్టాల? ఇంట్లో అన్నం చాలదా?

ఆరు వారాల దాకా కొన్న స్టార్టర్ మేతే పెట్టండి, అందులో మాంసకృత్తులు 20 శాతం దాకా ఉంటాయి, నూకలు తవుడుతో అది రాదు. ఆ తర్వాత దొడ్లో తిరిగే కోడికి పొద్దున రోంత, సాయంత్రం రోంత, రోజుకి 40, 50 గ్రాములు చాలు. రాగులు, సజ్జలు, నూకలు, తవుడు, మిగిలిన సంగటి ఏదైనా సరే. సాయంత్రం మేత గూటి దగ్గరే వెయ్యండి, పిలవకుండానే లోపలికి వస్తాయి. గుడ్లు పెట్టేవాటికి సున్నం తగ్గితే గుడ్డు పెంకు తోలులాగా వస్తాది, అప్పుడు ఆలిచిప్పల పొడో, వేయించి నలిపిన గుడ్డు పెంకులో ఒక గిన్నెలో విడిగా పెడితే దానికి కావాల్సినంత అదే తింటుంది. అజొల్లా (నీళ్ళ మీద పెరిగే చిన్న మొక్క) పెంచితే మంచిదే, కానీ అదే మేత అనుకోకండి.

మా దగ్గర శెనక్కాయ చెక్క ఊరికే దొరుకుతుంది, పెట్టొచ్చా?

మన జిల్లాలో అందరూ అడిగేదే ఇది. చెక్క బలమైన మేతే, అందులో తప్పు లేదు, బూజు దగ్గరే చిక్కంతా. తడి తగిలిన శెనక్కాయలకి, చెక్కకి ఒక బూజు పడతాది, అది వదిలే విషం పేరు అఫ్లటాక్సిన్, కోడి లివరు మీద పడతాది. 1960లో ఇంగ్లాండులో లక్ష పైగా టర్కీ కోళ్ళు ఎందుకు చచ్చినాయో తెలీక తల పట్టుకుని చివరికి వెతికితే బూజు పట్టిన వేరుశనగ చెక్క అని తేలింది, ఈ విషం సంగతి లోకానికి తెలిసింది అప్పుడే. ఉడకబెడితే పోదు, ఎండబెడితే పోదు. వాసన రోంత తేడాగా ఉన్నా, పచ్చగా మసి కనపడినా పారెయ్యండి, ఆవులకి కూడా వద్దు. ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దిక్కు వానలు పడేటప్పుడు నిలవ చెక్క జోలికి పోకండి.

టీకాలు ఎప్పుడెప్పుడు?

ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకి లసోటా, కంట్లో ఒక చుక్క. రెండు వారాలకి గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బుకి టీకా. నాలుగో వారం మళ్ళీ లసోటా. ఎనిమిది వారాలకి ఆర్‌టూబీ అని కొక్కెరకే రెక్క కింద ఇంజక్షన్, ఇది చిన్న పిల్లలకి వేస్తే టీకాకే పడిపోతాయి, తొందర పడొద్దు. అమ్మవారికి (ముఖం మీద పొక్కులొచ్చే జబ్బు) టీకా ఆరు నుంచి పది వారాల మధ్య. పెద్దవాటికి ఆరు నెలలకోసారి కొక్కెర టీకా వేయించుకోవడం మంచిది. మీ పశువుల ఆసుపత్రిలో అడగండి, వాళ్ళు చెప్పిన తేదీనే పట్టుకోండి.

టీకా వేసినా చచ్చిపోయినాయి అనేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చినోళ్ళే. అది ఐస్ లోనే రావాల, ఐస్ లోనే ఉండాల, కలిపినాక గంట రెండు గంటల్లో అయిపోవాల. సీసా వంద కోళ్ళది ఉంటుంది, మీకుండేవి పదిహేను, కాబట్టి వీధిలో అందరూ ఒకే రోజు వేయించుకుంటే ఖర్చూ కలిసొస్తాది, పక్కింటి కోడి నుంచి మనకి అంటేదీ తగ్గుతాది. నీళ్ళలో కలిపి తాపేదైతే కొళాయి నీళ్ళు వాడొద్దు, క్లోరిన్ టీకాని చంపేస్తుంది. బావి నీళ్ళు తీసుకుని లీటరుకి ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపండి.

కొక్కెర వచ్చేసింది, ఏం మందు వెయ్యాల?

మందు లేదు. పచ్చగా తెల్లగా పారుతుంది, నోరు తెరిచి గురక పెడుతుంది, కొన్ని మెడ మెలి తిప్పుకుని వెనక్కి పడతాయి. వెల్లుల్లి, మిరియాలు, కల్లు అన్నీ మా అవ్వ కాలం నుంచీ పోసి చూసినవే. జబ్బు తగిలినదాన్ని విడిగా పెట్టండి, చచ్చినదాన్ని లోతుగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి, వంకలో పడెయ్యొద్దు, దాన్ని కుక్క పీక్కుని ఊరంతా తిప్పుతాది. బతికున్నవాటిని అర్జెంటుగా సంతలో అమ్మేయడం అనే అలవాటు ఉంది చూడండి, పక్క ఊరికి తెగులు పోయేది ఆ దారినే. 1920లలో ఉత్తరాదిలో రాణీఖేత్ అనే కొండ ఊర్లో మన దేశంలో మొదట గుర్తించినారని ఈ జబ్బుకి డాక్టర్లు ఆ పేరు పెట్టుకున్నారు, పాపం ఆ ఊరు చేసిన తప్పేం లేదు.

పిల్లలు రక్తం పారుతున్నాయి, కడుపులో పురుగులకిచ్చే మందు వేస్తే సరిపోతాదా?

సరిపోదు. మూడు నుంచి ఎనిమిది వారాల వయసులో రక్తం పడితే అది ఎక్కువగా కాక్సిడియోసిస్, పేగుల్లో కంటికి కనపడని క్రిమి, ఏలికపాము కాదు. దానికి ఆంప్రోలియం లాంటివి నీళ్ళలో ఇస్తారు, మోతాదు డాక్టర్ని అడగండి. అసలు కారణం తడిసిన పొట్టు. రెట్టలో పడిన ఆ క్రిమి గుడ్లు వెచ్చగా తడిగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో అంటుకునేదానికి రెడీ అవుతాయి, మామూలు ఫినాయిల్ వాటిని ఏమీ చెయ్యలేదు. నీళ్ళ డబ్బా కింద ఇటుక పెట్టండి, తడిసిన పొట్టు ఆ రోజే తీసెయ్యండి.

ఒంటి మీద పేలు, నల్లి, గోమార్లు (పిడుదులు) అన్నీ ఒకటేనా?

కాదు, ఇది తెలియకనే సగం మందు వృథా చేస్తారు. పేను కోడి మీదే పుట్టి కోడి మీదే చస్తుంది. పగలే రెక్కలు విప్పి, తోక కింద రెట్ట ద్వారం చుట్టూ చూస్తే పసుపచ్చగా పరిగెత్తతా కనపడతాయి, ఈకల మొదట్లో తెల్లగా గుడ్ల గుత్తులుంటాయి. దీనికి కోడికే పొడి వెయ్యాల, గుడ్లు ఆ మందుకి చావవు కాబట్టి పది రోజులకి మళ్ళీ వెయ్యాల.

ఎర్ర నల్లి అట్ల కాదు. పగలు కోడిని ఎంత వెతికినా ఒక్కటీ కనపడదు, గూటి సందుల్లో, దండెం (కోళ్ళు ఎక్కి కూర్చునే కర్ర) కింద, చెక్క చీలికల్లో దాక్కోనుంటుంది, రాత్రి వచ్చి రక్తం తాగి మళ్ళీ దూరుకుంటుంది. ఎండాకాలంలో వారంలో ఒక తరం తయారవుతాది, కోళ్ళు లేకపోయినా నెలల తరబడి ఆకలితో అట్లే బతికుంటాది. నేను ఒకసారి ఎవరి దగ్గరో పాత చెక్క గూడు చవగ్గా కొని తెచ్చి, పెట్టలు సాయంత్రమైతే గూట్లోకి పోమంటాయి, చెట్టెక్కుతాయి, ముఖాలు తెల్లబడినాయి, గుడ్లు ఆపేసినాయి, నేనేమో మేత మార్చి టానిక్కులు పోసి నెల గడిపేసినా. ఒక రాత్రి తొమ్మిదింటప్పుడు టార్చి వేసుకుని దండెం కింద తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డంతా ఎర్రటి చారలు. ఈ పరీక్ష మీరూ చెయ్యండి, పైసా ఖర్చు లేదు.

గోమార్లు ఇంకా మొండివి. పెద్దవి నల్లిలాగే రాత్రి వచ్చి పోతాయి, పిల్లవి మాత్రం రెక్కల కింద నువ్వు గింజల్లా రోజుల తరబడి అతుక్కోనుంటాయి. ఇవి రక్తం తాగేదే కాక ఒక జ్వరం కూడా అంటిస్తాయి. పెద్ద గోమారి ఏడాది పైన తిండి లేకుండా ఉండగలదు, కాబట్టి "గూడు ఆరు నెలలు ఖాళీగా పెట్టినాలే" అంటే పని కాదు.

నల్లికీ గోమారికీ మందు కోడికి కాదు, గూటికి వెయ్యాల. కోళ్ళని బయటికి తోలి, కసువంతా ఊడ్చి కాల్చి, సందుల్లో మంట పెట్టే గన్‌తో కాల్చి (ఇనుముకీ గోడకీ మాత్రమే, చెక్కకి వద్దు, మావాడొకడు గూడే తగలబెట్టుకున్నాడు), డాక్టరు రాసిచ్చిన పిచికారీ మందు కొట్టి, ఆరినాక గాఢంగా సున్నం పూసి సందులు పూడ్చెయ్యాల. వారం పదిరోజులకి ఇంకోసారి. పొలానికి కొట్టే మందు ఇంట్లో ఉంది కదా అని కోడి మీద పొయ్యొద్దు, నల్లికంటే ముందు కోడి పోతాది. నేను ఇప్పుడు ఇనుప పైపు దండెం, కడ్డీల గూడుకి మారిపోయినా.

వేపాకు, బూడిద పని చెయ్యవా?

బూడిద చేస్తాది. దొడ్లో నీడలో ఒక గుంతలో పొడి మన్ను, కట్టెల బూడిద కలిపి పోస్తే కోళ్ళు రోజూ అందులో పొర్లుకుని పేలని చాలావరకు తామే దులుపుకుంటాయి. వేపాకు పొగ వేస్తే దోమలు తగ్గుతాయి, అంతవరకే. సందులో ఉండే నల్లి పొగకి బయటికి రాదు.

కాళ్ళ పొలుసులు లేచి సున్నం పూసినట్టుంది?

అదీ ఒక రకం నల్లే, పొలుసుల కింద ఉంటాది. కాళ్ళు గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, వేపనూనో కొబ్బరినూనో ముంచి పట్టండి, వారానికి రెండుసార్లు చొప్పున నెల రోజులు. పొలుసులు గోరుతో పీకొద్దు.

కడుపులో పురుగులకి ఎన్నాళ్ళకోసారి మందు?

బయట తిరిగే కోళ్ళకి రెండు మూడు నెలలకోసారి. ఏలికపాములకి పిపరజైన్ చాలు, రెట్టలో అన్నం మెతుకుల్లా తెల్ల ముక్కలు కనపడితే అవి బద్దె పురుగులు, వాటికి పిపరజైన్ పని చెయ్యదు, వేరే మందు అడగాల. బద్దె పురుగు చీమలు, పేడపురుగులు తింటే వస్తుంది, దొడ్లో తిరిగే కోడిని వాటిని తినొద్దని ఎట్లా చెప్పలేం. మందు వేసినాక ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో తప్పకుండా అడగండి.

ముఖం మీద పొక్కులు?

అమ్మవారు. దోమలు అంటిస్తాయి, మన దిక్కు వానల తర్వాత జాస్తి. పసుపు, వేపనూనె పూసుకోవచ్చు, పుండు ఆరుతుంది. నోట్లోకి దిగి ఊపిరి ఆడకపోతే మాత్రం కష్టం.

ఎండలకి ఎట్లన్నా?

మన తిరుపతి ఎండ తెలిసిందే కదా. మట్టి కుండల్లో నీళ్ళు నీడలో పెట్టండి, మధ్యాన్నం ఒకసారి మార్చండి. మేత పొద్దున ఆరుకి, సాయంత్రం ఐదుకి, ఎండలో తింటే ఒంట్లో వేడి పెరుగుతుంది. రేకుల గూడైతే పైన కొబ్బరి మట్టలు కప్పి తడపండి. మే నెలలో గంగజాతర అయ్యేదాకా నేను పొదుగు పెట్టను, గుడ్లు సగం మురిగిపోతాయి.

పొదుగు ఎట్ల పెట్టాల?

వారం దాటని గుడ్లు పది పన్నెండు, నాటు పెట్ట కిందకి అంతే. గంపలో ఇసక, పైన వరిగడ్డి. పెట్టకి ముందే పేల పొడి వెయ్యండి, పేలుంటే కూర్చోలేక లేచిపోతాది. ఏడో రోజు రాత్రి టార్చి వెలుతుర్లో చూస్తే నరాలు కనపడినవి మంచివి, ఖాళీవి తీసెయ్యండి. 21 రోజులు. ఉరుములకి గుడ్లు చెడిపోతాయని మా అవ్వ గంపలో ఇనుప ముక్క, ఎండు మిరపకాయ పెడతాది, నేనూ పెడతా, తీసేస్తే ఆమె ఊరుకోదు.

బర్డ్ ఫ్లూ భయం ఉందా?

2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లాలో వచ్చింది. చలికాలంలో పులికాట్, నేలపట్టుకి వలస పక్షులు వస్తాయి, ఆ నెలల్లో చెరువు గట్టు మీదకి కోళ్ళని వదలకండి. ఒకేసారి చానా కోళ్ళు పడిపోతే ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి, 1962కి ఫోన్ చేసినా పలుకుతారు. బాగా ఉడికిన గుడ్డు, మాంసంతో భయం లేదు.

టౌన్‌లో మిద్దె మీద పెంచుకోవచ్చా అని అక్కావాళ్ళు అడుగుతున్నారు?

నాలుగైదు పెట్టలైతే ఇబ్బంది లేదు, పుంజు వద్దు, తెల్లవారుజామున మూడున్నరకి కూస్తే పక్కింటోళ్ళు మీ మీదకి వస్తారు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, అందరికీ అనుమానమే ఇది, పొదిగితే పిల్లలు రావు అంతే. పొట్టు మందంగా పోసి రెండు రోజులకోసారి కలియబెడితే వాసన రాదు. తీసిన ఎరువు రెండు నెలలు మాగబెట్టి మల్లె కుండీలకి వెయ్యండి, పచ్చిగా వేస్తే చెట్టు మాడిపోతాది.